లాంథనం బిళ్ళ

పెళ్లయిన ఇన్నేళ్లకు కడుపు పండింది. ఆ కబురు చెప్పిన రోజే ఆమెకు ప్రయోగశాల తలుపు మూసుకుపోయింది.

తప్పు ఎవరిదీ కాదు. ఆమె పనంతా కార్బన్ మోనాక్సైడుతోనే. రంగూ వాసనా లేని ఆ వాయువు తల్లి ఒంట్లో కాస్త చేరినా కడుపులో బిడ్డకు ఊపిరి అందదు. అందుకే గర్భిణులు ఆ గదిలో అడుగుపెట్టకూడదని నియమం. దాన్ని రాసినవాళ్లలో ఆమె కూడా ఒకతె.

అదీ సరిగ్గా ఆమె వాదం తేలబోయే సమయంలో. లాంథనం ఆక్సైడు అనే తెల్లటి పొడికి ఈ వాయువు గడ్డకట్టే చలిలోనే అంటుకుంటుందని, కాస్త వేడి తగిలితే వదిలేసి పోతుందని తోటివాళ్లంతా అనేవారు. ఆమె నమ్మకం వేరు. పొడిని శూన్యంలో బాగా కాల్చి, గాలిలోంచి పీల్చుకున్న తేమనంతా వదిలిస్తే, ఉపరితలపు అంచుల్లో బయటపడ్డ ఆక్సిజన్ ఆ వాయువును గట్టిగా పట్టుకుంటుంది, మామూలు వేడికి వదలదు. పరారుణ కాంతి పంపితే ఆ పట్టు కంప్యూటర్ తెర మీది గీతలో చిన్న శిఖరంలా లేవాలి. దాన్ని కళ్లారా చూడాలని ఆమె ఆశ.

పని మేనత్త చేతికి వెళ్లింది. మేనత్త అంటే చుట్టం కాదు, పక్క బల్ల పరిశోధకురాలు. అందరినీ సాధిస్తుంది కనుక ఆ పేరు పడింది. ఆ వాదాన్ని మొదటినుంచీ కొట్టిపారేసిందీ ఆవిడే.

“పట్టుకోవడమూ లేదు, పాడూ లేదు. అయినా బిళ్ళలు మాత్రం నువ్వే చేసివ్వు. నావి పగిలి చస్తున్నాయి,” అంది మేనత్త.

పొడిని బిళ్ళగా నొక్కే యంత్రం బయటి గదిలో ఉంది. అక్కడ వాయువు లేదు. ఆమె కాగితమంత పలుచని బిళ్ళలు నొక్కి, గాజు తలుపు దగ్గర అందించి, అక్కడే నిలబడిపోయేది. లోపల ద్రవ నైట్రోజన్ పోస్తుంటే లేచే తెల్లటి పొగ, వాయువును వదిలే కవాటం తిప్పుతున్న మేనత్త మోచెయ్యి కనబడేవి.

“మెల్లగా! ఇంకాస్త మెల్లగా!” అని ఆమె ఇవతల నుంచి అరిచేది. లోపలికి వినబడేది కాదు.

భర్త ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఒక సాయంత్రం బకెట్టులో గోరువెచ్చని నీళ్లు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

“నిలబడి నిలబడి ఎలా వాచాయో చూడు. ఆ గదిలో ఏం పెట్టొచ్చావే?”

“నన్నే పెట్టొచ్చాను.”

“మరి ఇది సంతోషం కాదా?” అన్నాడు కడుపు వైపు చూస్తూ.

“ఎందుకు కాదు! ఎన్ని రాత్రులు ఏడ్చానో నీకు తెలీదూ? అయినా మనసు అక్కడే కొట్టుకుంటోంది.”

అతను వంగి ఆమె పాదాలు నీళ్లలో ఉంచాడు.

నెలలు నిండుతుండగా, ఒక మధ్యాహ్నం మేనత్త గాజు తలుపు తట్టి, తెరను ఇటు తిప్పింది. తర్వాత చేతి తొడుగులు విప్పుకుంటూ బయటికొచ్చింది.

“పోలేదే పిల్లా! గది వేడికి తెచ్చాను, పంపు పెట్టి లాగాను. శిఖరం అలాగే ఉంది.”

“నిజంగా?”

“నా నోటితో ఇంకోసారి చెప్పించకు.”

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

“గెలిచావుగా, ఏడుస్తావేం?”

“అది లేస్తుంటే చూడాలనుకున్నానత్తా. లేచాక కాదు.”

ఆడపిల్ల పుట్టింది. సెలవు ముగిశాక ఆమె ఆ గదిలోకి మళ్లీ వెళ్లింది. మేనత్త లేచి కుర్చీ ఇచ్చింది. కాల్చి, చల్లార్చిన కొత్త బిళ్ళ సిద్ధంగా ఉంది. ఆమె కవాటాన్ని వెంట్రుకవాసి తిప్పింది. తెర మీద గీత కదిలింది.

అప్పుడే రొమ్ములు సలిపాయి. కోటు లోపల జాకెట్టు తడిసింది. పాప పాలు తాగే వేళ.

మేనత్త గమనించింది. “వెళ్లు తల్లీ, నేను చూస్తాలే.”

“ఉండత్తా. దీన్ని లేవనీ.”

శిఖరం లేచింది, అనుకున్నచోటే, అనుకున్నట్టే. ఆమె రెప్ప వాల్చకుండా చూసింది. కానీ చెవులు మాత్రం అక్కడికి వినబడే వీలే లేని ఏడుపు కోసం వెతుకుతున్నాయి.

రొప్పుతూ ఇల్లు చేరేసరికి భర్త వేలు పెదాల మీద పెట్టి సైగ చేశాడు.

“సీసా పాలు తాగి ఇప్పుడే పడుకుంది. లేపకు.”

ఆమె లేపలేదు. చెప్పులైనా విప్పకుండా ఊయల పక్కన కూర్చుని, పాప ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ ఉండిపోయింది.