బంతి లేచేదాకా

తెనాలిలో కామేశ్వరరావు బాబాయి కూతురు దీప్తి పెళ్లికి భోజనాల హాలు ఒకటి చాలని చెప్పింది నేనే. రెండోది దండగన్నాను. బాబాయి నమ్మాడు.

నమ్మడా మరి! బాపట్లలో ఇంజనీరింగ్ కాలేజీలో నా పరిశోధనే అది. ఒకేసారి జరిగే పనులన్నిటినీ ప్రాసెస్ ఆల్జీబ్రా గుర్తుల్లో రాస్తాను. ఎవరు ఏ పని ఎంత వేగంగా చేస్తారో, ఏ పని కలిసి చేయాలో రాస్తే, ఎక్కడ ఎంతసేపు ఆగాల్సి వస్తుందో లెక్క తేలిపోతుంది. కంప్యూటర్లకు పనికొచ్చేది పెళ్లి భోజనాలకు పనికిరాదా? అతిథి కూర్చుంటాడు, తింటాడు, లేస్తాడు. అంతే కదా అనుకున్నాను.

తీరా పెళ్లిరోజు మధ్యాహ్నం, రేపల్లె నుంచి వచ్చిన మగపెళ్లివారిలో సగం మంది ఆకలితో గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. లోపల మొదటి బంతిలో తినడం అయిపోయి విస్తళ్లు ఖాళీ. ఒక్కరూ లేవరు!

"ఏంటండీ ఈ ఏర్పాటు?" పెళ్లికొడుకు తండ్రి ముఖం మాడ్చుకున్నాడు.

"తప్పు నాదేనండి. హాలు సరిపోతుందని నేనే అనుకున్నాను," అన్నాడు బాబాయి చేతులు జోడించి. నా పేరెత్తలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

లోపలికి పరుగెత్తాను. హాలు పొడవునా కలిపేసిన బల్లలు. కొసన పెళ్లికొడుకు తాతగారు శివరామయ్యగారు కబుర్లు చెబుతూ తీరిగ్గా పెరుగన్నం కలుపుతున్నారు. పెద్దాయన లేస్తే గాని బంతి లేవదు! పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మర్యాదే. నా లెక్కలో మాత్రం ఎవరికి వాళ్లు లేచి వెళ్లిపోయారు. లేవడం అందరూ కలిసి చేసే పని, అందులో నెమ్మదిగా తినేవారి వేగమే బంతి వేగం. తప్పెక్కడుందో దొరికింది! గంతులేయాలనిపించింది.

"తాతగారూ, మీరు నిదానంగా కానివ్వండి. మిగతావాళ్లని లేవమనండి," అన్నాను.

ఆయన నవ్వి, "లేవండర్రా!" అన్నారు.

"బాబాయ్, బల్లలు విడదీయించు! ఇకనుంచి ఏ బల్లకి ఆ బల్లే బంతి!"

బల్లలు విడిపోయాయి. ఒక కుటుంబం లేస్తుంటే ఇంకో కుటుంబం కూర్చుంటోంది. వడ్డించేవాళ్లకి ఊపొచ్చింది. చూస్తుండగానే గుమ్మం ఖాళీ అయింది. నేను చప్పట్లు కొట్టాను, నిజంగానే కొట్టాను.

పెళ్లికొడుకు తండ్రి చేయి కడుక్కుని వచ్చాడు. "బాగుందండీ. ఎవరి ఆలోచన?"

"మా వైదేహిదండీ!" అన్నాడు బాబాయి, హాలంతా వినపడేలా.

"ఇందాకటి తప్పు కూడా..." అని నేను నోరు తెరవబోయాను. బాబాయి నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి, విస్తరి వేయించి, "ముందు నువ్వు తినమ్మా," అన్నాడు.