అడుగున వదులైన కుట్టు

నేను ఒక కుట్టుమిషన్‌ని. కాలితో తొక్కితే నడుస్తాను. లుధియానాలో పోతపోసి, నల్లరంగు వేసి, రైలెక్కించారు. హుజూరాబాద్‌లో నన్ను కొన్న దర్జీ, చూపు తగ్గాక పోశవ్వకు అమ్మేశాడు. అతను కొత్త బట్టలు కుట్టేవాడు. పోశవ్వ పాతవి కుట్టేది. ఎవరింట బిడ్డ పుట్టబోతున్నా, ఆ ఇంటి ఆడవాళ్లు కట్టి కట్టి మెత్తబడిన చీరెలు తెచ్చి ఇచ్చేవారు. ఆమె వాటిని పొరలుగా పరిచి బొంత కుట్టేది.

పోశవ్వ చలికాలంలో చనిపోయింది. ఎండాకాలంలో చిన్న కూతురు లలితకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డను తొట్టెలలో వేసే నాటికి అమ్మ చీరెలతో బొంత కుట్టాలని పెద్ద కూతురు వినోద పూనుకుంది. తల్లి కుడుతుంటే చూసింది గానీ, తాను కుట్టింది తక్కువ.

పక్కింటి రాజవ్వ వాకిట్లో నిలబడి అడిగింది.

"పోయినోళ్ల చీరెలు ఎవలకన్న ఇచ్చెయ్యాలె గని, పసిపోరికి కప్పుతరానె?"

"ఊరందరి పిల్లలకు అమ్మ కుట్టింది, అవ్వా. సొంత మనుమరాలికి లేకపోతె ఎట్ల?"

"నీ ఇష్టం. ఏమన్న తేడా అయితె నన్ననకు."

తేడా మొదటి రోజే వచ్చింది. పైన కుట్టు తిన్నగా పడింది. బొంత తిరగేస్తే అడుగున దారం ఉంగరాలుగా వేలాడుతోంది.

మనుషులు లోపం ఎక్కడ కనిపిస్తే అక్కడే ఉందనుకుంటారు. చెడింది కింది కుట్టు కాబట్టి వినోద కింది దారం ఉండే బాబిన్ కేసు మర బిగించింది. తర్వాత పైదారం మర బిగించింది. సూది మార్చింది, నూనె వేసింది. ఒక వరస కుదిరేది, తర్వాతి వరస వదులయ్యేది. చెడిన వరస విప్పినప్పుడల్లా పాత నూలు చీర సూది బెజ్జాల వెంట చిరిగేది. పోశవ్వ చీరెలు మళ్లీ ఎక్కడా దొరకవు.

మిషన్లు బాగుచేసే ఖలీల్ వచ్చాడు. మరలు సరిచేశాడు, దారం ఎక్కించాడు, గుడ్డపేలిక మీద కుట్టి రెండు వైపులా చూపించాడు.

"మిషన్ల ఏం లేదక్కా. నాకు మంచిగనే నడుస్తంది."

"నాకెందుకు నడుస్తలేదు మరి?"

"నువ్వు దాని మీద కోపంతోటి కూసుంటున్నవేమో."

అతను వెళ్లాక కొంతసేపు బాగానే కుట్టింది. రీలు అయిపోయి కొత్తది పెట్టగానే మళ్లీ ఉంగరాలు.

సంగతి నాకు తెలుసు. పైదారం నాలో రెండు ఇనుప బిళ్లల మధ్య నుంచి వెళ్తుంది. గుడ్డను నొక్కిపట్టే పాదం పైకి లేచి ఉంటేనే ఆ బిళ్లలు విడివడి దారాన్ని లోపలికి రానిస్తాయి. పని అయ్యాక పాదం కింద పేలిక పెట్టి దించాలని, లేకపోతే కింద గుడ్డను జరిపే పళ్లు అరుగుతాయని తల్లి చెప్పింది. వినోద అది పాటించింది. పాదం అలా దించి ఉండగానే దారం ఎక్కించేది. దారం బిళ్లల అంచున తేలేది. ఒక్కోసారి జారి లోపల పడేది, అప్పుడు కుట్టు కుదిరేది. చెప్పడానికి నాకు నోరు లేదు.

వినోద సగం కుట్టిన బొంతను మడిచింది.

"రాజవ్వ అన్నదే నిజం, నాయినా. అమ్మకు ఇష్టం లేదు. ఇవి రేపు ఎవలకన్న ఇచ్చేస్త."

తండ్రి కొమురయ్య భార్య పోయినప్పటి నుంచి ఈ గదిలోకి రాలేదు. గడప అవతలే నిలబడ్డాడు.

"బతికున్నప్పుడు ఇష్టం లేకపోతె ఊరంత వినేటట్టు చెప్పేది. ఇప్పుడు దారంతోటి చెప్తదా? ఏదీ, కుట్టు. చూస్త."

ఆమె బొంతను పక్కన పెట్టుకుని దారం కొస అందుకుంది.

"ఆగు బిడ్డా. నన్ను పిలువవా?"

"నువ్వెందుకు?"

"దారం ఎక్కించేముందు మీ అమ్మ పిలిచేది. చివరికి ఆమె వేళ్లల్ల బలం లేకుండె. ఆ మీట నేనే లేపేది. లేపినంకనే దారం ముట్టేది."

"లేపకుంటె ఏమైతది?"

"నాకేమెరుక. బువ్వ తింటుంటె పిలిచేది. తిట్టుకుంటనే వచ్చేటోన్ని."

ఆయన గడప దాటి వచ్చి మీట లేపాడు. పాదం లేచి, బిళ్లలు విడివడ్డాయి. వినోద దారం ఎక్కించింది. అది లోపలికి దిగింది. ఒక వరస కుట్టి బొంత తిరగేసింది. అడుగు కుట్టు మీద వేలు రాసింది. ఇంకో వరస కుట్టి మళ్లీ చూసింది. రెండు వైపులా ఒకేలా ఉంది.

"అమ్మకు కోపం లేదు, నాయినా."

"ఉంటె నా మీదుంటది," అన్నాడు కొమురయ్య. తలుపు పక్కన కూర్చున్నాడు.

వదులైన పాత వరసల్ని ఆమె ఇక విప్పలేదు. పసిదాని వేళ్లు చిక్కుకోకుండా వాటి మీద ఇంకో చీర పరిచి కుట్టింది. తొట్టెలలో బొంత పరిచింది రాజవ్వేనని ఇంట్లో అనుకుంటుంటే విన్నాను.

ఇప్పుడు అప్పుడప్పుడూ బొంతల పని వస్తోంది. వినోద వేళ్లలో బలం ఉంది. నా మీట తనే లేపుకోగలదు. అయినా కొత్త రీలు చేతిలోకి తీసుకున్నప్పుడు "నాయినా" అని పిలుస్తుంది. ఆయన తినే కంచం ముందు నుంచి గొణుక్కుంటూ లేచి వస్తాడు.