హనుమయ్య మీద డ్యూటీ

ఉయ్యూరులో కాలువ పక్కన మా డాబా, ఫక్రున్నీసా గారి డాబా ఆనుకుని ఉంటాయి. వాళ్లబ్బాయి తౌఫీక్ మిలిటరీలో డ్రోన్ నడిపేవాడు. నడపడమంటే ఎగరడం కాదు, ఏసీ గదిలో కూర్చుని తెర చూడటం. జబ్బు సెలవు మీద ఇంటికొచ్చిన మర్నాడే బైనాక్యులర్స్‌తో డాబా ఎక్కి, కాలువ అవతల హనుమయ్య ఇంటి మీద నిఘా మొదలుపెట్టాడు.

"ఎందుకు బాబూ?" అని అడిగాను.

"డ్యూటీ అంకుల్," అన్నాడు మర్యాదగా. నోట్‌బుక్ చూపించాడు.

"6.10: బయటికి వచ్చాడు. వేపపుల్ల. 6.25: గేదెతో మాట్లాడాడు. గేదె స్పందించలేదు. 10.05: చెరకు ట్రాక్టరు అడ్డం. రెండు నిమిషాలు మనిషి కనపడలేదు."

హనుమయ్య మొదట్లో గట్టు మీద నిలబడి తిట్టాడు. పదిహేను రోజులు తిరిగేసరికి వాడుకోవడం మొదలుపెట్టాడు.

"ఒరే మిలిట్రీ! బీపీ బిళ్ల వేసుకున్నానా?"

"ఏడుంబావుకి వేసుకున్నారు తాతగారూ!"

"కళ్లజోడు?"

"కుడితి తొట్టి గట్టు మీద!"

ఆయన భార్య రావమ్మ గారైతే మురిసిపోయింది. యాభై ఏళ్ల కాపురంలో ఈ మనిషి ఎక్కడున్నాడో తెలియడం ఇదే మొదలట.

కానీ తౌఫీక్‌కి నిద్ర లేదు. అన్నం పళ్లెం పైకి ఎలా వెళ్లిందో అలాగే దిగేది. విజయవాడలో మానసిక వైద్యుడిని కలిసి కాగితం పంపాలి. లేకపోతే సెలవు రద్దు చేసి మళ్లీ ఆ కుర్చీలోకే పిలుస్తారు. రెండుసార్లు కారు వచ్చి ఖాళీగా పోయింది. ఆ గురువారం ఆఖరి గడువు.

"అన్నయ్యగారూ, మీరన్నా చెప్పండి. కారొచ్చి అరగంటయింది, దిగనంటాడు," అంది ఫక్రున్నీసా గారు. పైకెక్కాను.

"వెళ్లొద్దామా?"

"రిలీవర్ రాలేదంకుల్." కళ్ల మీంచి బైనాక్యులర్స్ తియ్యకుండానే చెప్పాడు. "సరిహద్దు అవతల ఒక ఇల్లు. నాలుగు నెలలు చూశాను. ఒక పెద్దాయన రోజూ మేకలతో మాట్లాడేవాడు. ఒకరోజు ఆ ఇల్లు దుమ్మయిపోయింది. బాంబు నేను వెయ్యలేదు. దుమ్ము తగ్గాక ఎవరైనా బయటికొస్తారేమో చూడమన్నారు. చూస్తూ చూస్తూ పడిపోయానంట. కళ్లు తెరిస్తే ఆస్పత్రి. 'నేను చూస్తున్నాను, నువ్వు లే' అని ఇంకొకరు చెప్పాకే కుర్చీ దిగాలి. అది రూలు. నాకెవరూ చెప్పలేదు."

నేను కాలువ లాకుల దగ్గర ముప్పై ఏళ్లు సూపరింటెండెంటుగా చేశాను. వచ్చినవాడు సంతకం పెట్టందే ఉన్నవాడు కదలకూడదని నాకు తెలుసు. ఇంకోటి కూడా తెలుసు. మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్న చివరి రోజుల్లో, నేను మంచం పక్క నుంచి కదలని పదకొండో రోజున, తెరేసమ్మ అనే నర్సు నా కుర్చీ వెనక చెయ్యి వేసి, "నేను చూస్తుంటాను సార్, మీరు కాసేపు నడుం వాల్చండి," అంది. బల్ల మీద గంటసేపు నిద్రపోయాను. ఆ గంటకి ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఇంటికెళ్లి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబుకి పెన్ను తగిలించుకుని, బీరువాలోంచి డ్యూటీ అప్పగింతల పాత చార్జి ఫారం తెచ్చాను. నింపాను: హనుమయ్య ఒకరు, వయసు డెబ్బయి రెండు. గేదె ఒకటి. కళ్లజోడు ఒకటి, కుడికాడ విరిగినది. వీటిని చూసే బాధ్యత ఉదయం 8.40కి స్వీకరించడమైనది.

తౌఫీక్ రెండుసార్లు చదివాడు. "దూడ కూడా ఉందంకుల్."

చేర్చాను.

"మరి... ఆ ఇల్లు?"

"సరిహద్దు అవతలి ఇల్లు ఒకటి," అని చేర్చాను. ఇద్దరం సంతకాలు పెట్టాం.

"నేను చూస్తున్నాను. నువ్వు లే."

లేచాడు. బైనాక్యులర్స్, నోట్‌బుక్ నా చేతికిచ్చాడు. తర్వాత ఒక్కో మెట్టూ దిగి, తల్లితో కలిసి కారెక్కాడు.

నా పని అయిందనుకుని నేనూ దిగబోయాను. అవతలి గట్టు నుంచి హనుమయ్య గర్జించాడు. "సంతకం పెట్టి ఎక్కడికయ్యా? నన్నెవరు చూస్తారు?"

కూర్చున్నాను. నా పనితనం ఆయనకి నచ్చలేదు. "నీకు చూడ్డం రాదు. ఆ కుర్రాడైతే అడక్కుండానే చెప్పేవాడు," అంటూ రోజంతా సణిగాడు. మధ్యాహ్నం మాత్రం అన్నం తిన్నావా అని కేకేసి, తిన్నానన్నాకే లోపలికెళ్లాడు.

పన్నెండింటికి ఫక్రున్నీసా గారు ఫోన్ చేసింది. "కంకిపాడు దాటకముందే పడుకున్నాడు అన్నయ్యగారూ. డాక్టరుగారు లేపొద్దన్నారు. ఆయనే చెట్టుకింద కారు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు."

నాలుగుంబావుకి తౌఫీకే చేశాడు. "అంతా చెప్పానంకుల్. కాగితం పంపేశారు. నెలరోజులు ఇక్కడ ఆస్పత్రిలోనే ఉంచుతారంట." వెంటనే అడిగాడు. "హనుమయ్య తాత బయటికొచ్చాడా?"

చూశాను. తలుపు వేసి ఉంది. అంతలో చెరకు ట్రాక్టరు అడ్డం వచ్చింది. దాని వెనక ఇంకోటి. అతను ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు. ట్రాక్టరు కదిలింది. తలుపు తెరుచుకుంది. హనుమయ్య ఆవులిస్తూ గుమ్మంలోకి వచ్చి, నుదుటి మీదున్న కళ్లజోడు కోసం చుట్టూ వెతుక్కున్నాడు.

"వచ్చాడు బాబూ," అన్నాను.

నోట్‌బుక్‌లో రాశాను. "4.20: బయటికి వచ్చాడు."