సీసా తెస్తేనే మందు

“సీసా ఏదీ? సీసా లేనిదే మందు పొయ్యం. మెంబరుగారి ఆర్డరు.”

కాంపౌండరు కిటికీ రెక్క మూసేశాడు. బయట గాబ్రియేలు ఒళ్లో ఆరేళ్ల కూతురు. వాంతిబేదులతో పిల్ల కళ్లు లోపలికి పోయాయి. దారిలో అతని చెయ్యి జారి సీసా పగిలింది. ఇంకొకటి అడిగి తెచ్చేలోపు పిల్ల చల్లబడింది.

నాలుగేళ్లయింది. రాతిగనిలో సుత్తి ఎత్తినప్పుడల్లా గాబ్రియేలు తన కుడిచేతిని చూసుకునేవాడు. పిల్లను చంపింది ఆ చెయ్యేనని అతని నమ్మకం. ఎవరికీ చెప్పలేదు.

పందొమ్మిదివందల యాభైఐదు ఎన్నికలొచ్చాయి. నాడు ఆస్పత్రి కమిటీ మెంబరుగా ఉన్న కంబగిరిరెడ్డి నిలబడ్డాడు. ‘ఆస్పత్రి తెచ్చిన దాత’ అని గోడలన్నిటికీ రాయించాడు. గని కూడా ఆయనదే.

మధ్యాహ్నం సద్దిమూటలు విప్పినప్పుడు కూలీల సంఘం మనిషి మహానంది అడిగాడు: “ఆ ఆస్పత్రితో మీకేం మేలు జరిగిందప్పా?”

గురమ్మ నోరు విప్పింది. “నా మొగునికి మందని చెంబు తీసకపోతి. సీసా కావాలనిరి. సీసా తెస్తే మురికనిరి.”

“మొగం కడుక్కోని రమ్మనలేదు, సంతోషపడు,” అన్నాడు బండి తోలే బొజ్జన్న. ఒకరిద్దరు నవ్వారు. బొజ్జన్న మాత్రం నవ్వలేదు. “మందు యాడుండాది పొయ్యడానికి? వచ్చిన పెట్టెలు వచ్చినట్టే బండికెత్తిచ్చి నాతోనే రెడ్డి మేడకు తోలిచ్చిరి. ల్యాదంటే జనం తిరగబడతారని సీసా అడిగిరి.”

గాబ్రియేలు చేతిలో సంగటి ముద్ద ఆగిపోయింది. “సీసా పగలకపోయినా?”

“పగలకపోయినా అంతే. బండి ఆయప్పదే కదా, భయపడి ఇన్నేండ్లు నోరు మూసుకున్యా.”

గాబ్రియేలు తన కుడిచెయ్యి చూసుకున్నాడు. దుఃఖం పోలేదు. దాని దిక్కు మారింది.

“రేపు సభకు అందరూ సీసాలు తీసకరాండి,” అన్నాడు.

సభలో రెడ్డి గొంతెత్తాడు: “నేను తెచ్చిన ఆస్పత్రిని మరిచిపోతారా?”

గాబ్రియేలు లేచాడు. “సీసా తెచ్చినాం రెడ్డీ. మందు యాడ?”

కిరసనాయిలు సీసాలు, ఆముదం సీసాలు, మూతులు పగిలినవి. అన్నీ ఒక్కసారి గాల్లోకి లేచాయి.

“రేపట్నుంచి నీకు పని ల్యాదురా!” గని మేస్త్రీ అరిచాడు.

“మా అందరికీ ల్యాదను!” అంది గురమ్మ.

పోలీసులు జనంలోకి దూకారు. గాబ్రియేలు కుడి మణికట్టు మీద లాఠీ పడింది. సీసా జారలేదు. ఈడ్చుకుపోతుంటే దాన్ని గురమ్మ చేతిలో పెట్టాడు.

మర్నాడు ఓట్లడగడానికి రెడ్డి జీపు కోసిగి ఊరి దారి పట్టింది. పొలిమేరలో జనం దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. ముందు వరసలో గురమ్మ. ఆమె చేతిలో గాబ్రియేలు ఇచ్చిన ఖాళీ సీసా.

జీపు ఆగింది.