మీకు మాత్రమే

…ఏ ఎముక అవ్వా అని అడిగినాడు కండక్టరు, టికెట్టు చించతా, చిత్తూర్లో పుత్తూరు బస్సెక్కిన ముసిలోళ్లంతా కట్టు కట్టించుకునేదానికే పోతారని వాడి లెక్క, వాడిదేం తప్పు, నా ముందు సీట్లో ఒకాయన చేయి మెడకు తగిలించుకోని కూచున్నాడు, నా పక్కన ఒకామె చీలమండకు గుడ్డ చుట్టుకోని కాలు దోవలోకి చాపింది, నా ఎముకలు బాగుండాయి నాయనా, మనవరాల్ని చూడను పోతా ఉండా అన్నాను, సంచి ఒళ్లోకి లాక్కున్నాను, సంచిలో దాని రెండు చుడీదార్లు, అది తినే చెనక్కాయ ఉంటలు, అడుగున ఆ కాగితం, నాలుగు మడతల కాగితం, దాని చేతిలో పెట్టి ఇది నీది తీసుకో తల్లీ అనాల, ఇంటికి రా అనాల, వస్తాదా, పంతొమ్మిది దినాలైంది జాను ఇల్లు వదిలి, ఒక్క తడవన్నా ఫోన్లో అవ్వా అనలేదు, వాళ్ల మామ మునికృష్ణే ఎత్తతాడు, బాగుండాది అత్తా, తింటా ఉండాది, నీతో మాట్లాడనంటా ఉండాది, ఏం చేసేది అంటాడు, వాడు మెత్తని మనిషి, తిట్టడు, తిట్టినా బాగుండును.

ఉత్తరమంటే ఏందో నాకు తెలుసు అనుకున్నాను గదా, నా పెండ్లైన కొత్తలో మా ఆయన కోలారు బంగారు గనుల్లో పని, నెలకొక ఉత్తరం, పోస్టు కుప్పయ్య తెచ్చి మా వాకిట్లో తిన్నె మింద కూచోని, రా మునిరత్నా నీ మొగుడు ఏం రాసినాడో చూస్తాం అనేవాడు, నాకు రెండో తరగతి, అచ్చక్షరాలు కూడబలుక్కుంటా గానీ చేతిరాత యాడ చదివేది, కుప్పయ్య చదివేవాడు, మా అత్త వినేది, ఎదురింటోళ్లు వినేవాళ్లు, ఒక తడవ ఆ మహానుభావుడు నీ పసుపుచీర కండ్ల ముందర కదలతా ఉండాది అని రాసినాడు, కుప్పయ్య గట్టిగా చదివేసినాడు, ఇంక జూసుకో, నెల దినాలు ఏమ్మే పసుపుచీరా అనే పిలిచినారు వీధంతా, నేను కొంగు నోట్లో కుక్కుకోని నవ్వినాను, నాకేం కష్టంగా లేకపోయె, ఉత్తరమంటే ఇంటికొచ్చేది, ఇంటికొచ్చింది అందరిదీ, నా బతుకంతా నాకొచ్చిన ఒక్క మాటైనా ఇంకొకరి నోటి గుండా రాకుండా నా చెవిలో పడలేదు, మరి జాను, అదేమో కంప్యూటరు ముందర కూచోని ఆట ఆడతాది, ఆటంటే అందులో ఒక్కొక్కరు ఒక్కొక్క ఇల్లు కట్టుకుంటారంట, చెట్లు పెట్టుకుంటారంట, ఒకరింటికొకరు పోతారంట, బెంగుళూరులో కంపెనీ, ఏదన్నా చెడిపోతే వాళ్లకు రాస్తే తిరిగి రాసేదానికి మనుషులుండారంట, ఒక దినం సంగటి తింటా చెప్పింది, అవ్వా ఎవుడో ఒకబ్బాయి కంపెనీ వాళ్లు తనకు రాసిన జాబును మేమంతా మాట్లాడుకునే చోట తెచ్చి పెట్టేసినాడు, కంపెనీ వాళ్లు అది రహస్యం, బయటపెట్టకూడదు అని వాణ్ణి ఆటలోంచి తీసేసినారు, ఇదేం న్యాయమవ్వా, నాకొచ్చిన ఉత్తరం నాది కాదా, నేను ఎవురికి చూపిస్తే వాళ్లకేం అని, కంచం మింద చేయి కొట్టి మరీ అడిగింది, నీదేనే తల్లీ, ఇంకెవురిది అన్నాను, పసుపుచీర కథ చెప్పినాను, నవ్వింది, వాళ్లమ్మ పోయినాక అది అట్ల నవ్వింది రెండో మూడో తడవలు, అందుకే జ్ఞాపకం.

వాళ్లమ్మ ప్రసన్నకుమారి, నా కోడలు, రెండేండ్లైంది పోయి, ఆ పొద్దు నేను ఊర్లో లేను, పాకాల్లో మా చెల్లెలింట్లో గృహప్రవేశానికి పోయిన్నాను, గిరి, నా కొడుకు, బంగారుపాళ్యం మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో, కాయ సీజను, మధ్యాన్నం, ఇంట్లో తల్లీ బిడ్డా ఇద్దరే, పెరట్లో తొట్టి దగ్గర బోకులు తోమతా తోమతా ఒరిగిపోయింది, గుండె, నలబై కూడా లేవు దానికి, నేనొచ్చేసరికి చాప మింద, సరే, ఈ పంతొమ్మిది దినాల కింద రెండో ఏడాది తద్దినం, దాని చీరలు ఎండకేసి ఒకటి ముత్తైదువకిద్దామని పెట్టె తీసినాను, ఆకుపచ్చ పట్టుచీర మడతలో ఈ కాగితం, ఇంగ్లీషు, ప్రసన్న చీరలో ఉండాది గదా, ప్రసన్న కాగితమే అనుకున్నాను, ఆసుపత్రిదేమో, మాకు చెప్పకుండా చూపించుకునిందేమో, పాపిష్టిదానా ముందే తెలుసా నీకు అని ఏడస్తానే తిన్నె మిందికి వచ్చినాను, తాలూకాఫీసులో గుమాస్తా చేసి రిటైరైన పరంధామయ్య ఆడే కూచోనుండాడు, మునికృష్ణ, ఎదురింటి జ్ఞానాంబ, వాళ్ల కోడలు, గిరి కొత్త పంచె కట్టుకోని స్తంభానికి ఆనుకోనుండాడు, చదువు నాయనా, గట్టిగా చదువు, అందరూ విననీ అన్నాను, ఆ మాట నాదే, ఎవురూ నా నోట పెట్టలేదు, ఆయన అద్దాలు పెట్టుకోని రవంత చూసి, అమ్మా ఇది కోడలిది కాదు, పాపది, ఆట కంపెనీలో మోహన అని ఒకామె కంప్యూటర్లో రాసింది, పాప అచ్చు తీసి దాచుకున్నట్లుండాది, పైనే రాసుండాది, మీకు మాత్రమే, ఇంకెవురికీ చూపొద్దు అని, చదవొద్దు లేమ్మా అన్నాడు, అన్నాడు, చెప్పినాడు ఆయన, మంచోడు, నేనేమన్నానంటే, మా పాపది మాది కాదా, అదే చెప్పింది తనకొచ్చిన ఉత్తరం ఎవురికైనా చూపొచ్చునని, మా ఇంట్లో రహస్యాలేంది పరంధామయ్యా, చదువు చదువు అన్నాను.

చదివినాడు, ఒక్కొక్క వరస ఇంగ్లీషులో చూసుకోని తెలుగులో చెప్పతా, ఆటలో మీ ఇల్లు ఎవురో దొంగిలించిన మాట నిజమే, మీకు తిరిగి ఇచ్చేస్తా ఉండాము, అది మీదేనని చెప్పేదానికి మీరు రాసిందంతా చదివినాను, ఆ ఇంట్లో వంటగది, తొట్టి, ఆకుపచ్చ చీర కట్టిన బొమ్మ, అన్నీ అట్లనే ఉండాయి, మీ అమ్మ పెరట్లోంచి జానూ ఒకసారి రా అని పిలిచినపుడు మీరు ఆటలో ఉండి ఒక్క నిమిషం అన్నారని రాసినారు, ఆడ ఆయన నిలిచిపోయినాడు, జ్ఞానాంబ అమ్మయ్యో అనింది, నాకింకా అర్థం కాలేదు, నా చెవులకు చేరింది గానీ లోపలికి పోలేదు, ఎందుకు నిలిపినావు చదువు అన్నాను, ఏం మనిషిని నేను, ఆయన గొంతు తగ్గించి చదివినాడు, రెండుసార్లు పిలిచింది, రెండోసారి గూడా వస్తా ఉండామ్మా అన్నాను, వచ్చేసరికి నీళ్లు పారతా ఉండాయి అని రాసినారు, అది మీ తప్పు కాదు, మా నాన్న పోయిన దినం నేనీ కుర్చీలోనే ఉండాను, ఇంటి నుంచి మూడుసార్లు ఫోను మోగింది, పనిలో ఎత్తలేదు, నేనిది మా ఇంట్లో ఎవురికీ చెప్పలేదు, మీకు చెప్తా ఉండాను, అని, అప్పుడు తలెత్తితే గేటు దగ్గర జాను, అంగడి నుంచి అరిటాకులు తెచ్చింది, ఆకుల కట్ట ఎదకు అదుముకోని నిలబడుండాది, ఎంతసేపైందో, గిరి దాని వైపు చూసినాడు, పిలిచిందా అన్నాడు, అంతే, ఒక్క మాట, జాను తల ఊపింది, గిరి తిన్నె దిగి బండి తీసి పోయినాడు, కొత్త పంచెతోనే, తద్దినం బువ్వ తినకుండా, నేను పోయి దాని చేయి పట్టుకోని, నీకొచ్చిన ఉత్తరం ఎవురికైనా చూపొచ్చునని నువ్వే గదమ్మా అన్నావు అన్నాను, చూడు ఆ గడియలో గూడా నేను గెలవాల, అది ఏడవలేదు, నాది అన్నాను అవ్వా, నీది అనలేదు అనింది, ఆకులు తిన్నె మింద పెట్టి లోపలికి పోయి సంచి సర్దుకునింది, మామ వెనకాలనే పుత్తూరు బస్సెక్కేసింది.

కార్వేటినగరం దాటింది బస్సు, మామిడితోపులన్నీ ఎనక్కి పోతా ఉండాయి, గిరి ఇంటికొస్తాడు, తింటాడు, పడుకుంటాడు, బిడ్డను పిలువురా అంటే గమ్మునుండు అమ్మా అంటాడు, కోపమా అంటే కాదంటాడు, ఏం చెప్పేది దానితో అంటాడు, పాపం వాడికి పెండ్లాం ఇంకోసారి పోయినట్లుండాది, ఆ మోహన ఎవురు కన్న బిడ్డో, ఆమె దాచుకున్నదీ మా తిన్నె మింద పడింది గదా, జ్ఞానాంబ కోడలు కొళాయి కాడ అందరికీ చెప్పిందంట, మూడుసార్లు మోగినా ఎత్తలేదంట అని, ఎవురి నాన్నో, ఎవురి ఫోనో, మునికృష్ణ ఫోన్లో చెప్పినాడు, జాను పుత్తూరులో నెట్టు సెంటరుకు పోయి ఆమెకు ఒకే ఒక జాబు రాసిందంట, నీ మాటలు మా ఇంట్లో అందరూ విన్నారు, నన్ను మన్నించు అని, ఇంక ఆ ఆటలో ఇంటిని తన చేత్తోనే పడగొట్టేసిందంట, వంటగదీ తొట్టీ బొమ్మా, అన్నీ, ఆమె ఏం తిరిగి రాసిందో, రాసిందో లేదో, జాను ఎవురికీ చెప్పలేదంట, ఎందుకు చెప్తాది, అయినా నాకు లోపల ఒక మొండి మాట ఉండనే ఉండాది, పెంచిన అవ్వను నేను, రెండేండ్లు నా పక్కలో పడుకునింది, నా చేయి దాని మింద లేకపోతే నిద్దర పోదు, నాకు చెప్పకుండా మొకం కూడా చూడని మనిషికి ఎట్ల చెప్పింది, నేనేం పరాయిదాన్నా, పోయి అదే అడగాల, ముందు కాగితమిచ్చి, తర్వాత అదే అడగాల అనుకుంటా ఉండాను.

ఎవురుండారమ్మా పుత్తూర్లో అనింది పక్కనామె, కాలు రవంత ముడుచుకోని నాకు చోటిచ్చింది, మనవరాలు తల్లీ, వాళ్ల మామ ఇంట్లో ఉండాది అన్నాను, తల్లి లేదా అనింది, లేదమ్మా అన్నాను, అయ్యో ఏమైందమ్మా అనింది, నా నోరు ఆగలేదు, దానికి అలవాటైన దోవ అది, గుండె తల్లీ, పట్టపగలు, తొట్టి కాడ, పిలిచేదానికి గూడా టైమియ్యలేదు ఆ దేవుడు, బిడ్డ ఇంట్లోనే ఉండె, ఒక్క కేక వేసుంటే నా బంగారుతల్లి ఎగిరి దూకుండును, తల్లిని దక్కించుకోనుండును, పిలవలేదు మహాతల్లి, పిలవకుండానే పోయింది, అన్నాను, అనేసి నా మాట నేనే విన్నాను, ఇదే మాట, ఇదే వరస, ఒక్క ముక్క తేడా లేకుండా, చావుకొచ్చినోళ్లకు, పెద్దదినానికి వచ్చినోళ్లకు, పెండ్లిండ్లలో, ఆసుపత్రి బెంచీల మింద, ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ, రెండేండ్లుగా, జాను కాఫీ గ్లాసులు తెచ్చి అందిస్తా ఉంటే, దాని వీపు నిమరతా, పిలిచుంటే దూకుండును నా బంగారుతల్లి అని, ఒక తడవ దాని చేతిలో గ్లాసు జారి కాఫీ అంతా ఒలికిపోయింది, చూడండి పాపం, తల్లి మాటెత్తితే బిడ్డ చేతులు ఎట్ల వణకతా ఉండాయో అని అది గూడా చెప్పినాను వాళ్లకు, తర్వాత చెప్పే కథలో అది గూడా కలిపినాను, ఆపైన ఏమైంది అంటా ఉండాది పక్కనామె, నా తప్పు పంతొమ్మిది దినాలది అనుకోని బస్సెక్కినాను, ఎట్ల చెప్తాది ఆ బిడ్డ నాకు, పిలిచింది అవ్వా అని ఎప్పుడు చెప్తాది, పిలవలేదని నేను ఊరందరికీ చెప్పేసినాక, దానికి చెప్పుకునేదానికి మా ఇంట్లో నేను చోటే మిగల్చలేదు.