హనుమాండ్లు మొహం చేసిన డ్యూటీ

హనుమాండ్లు మీసం పెంచిందే దొంగల కోసం. ఠాణా అంతా కంప్యూటర్ల ముందు కూలబడినా సరే, తాను గుడ్లురిమి చూస్తే ఎంతటివాడైనా నిజం కక్కుతాడని ఆ హెడ్ కానిస్టేబుల్ నమ్మకం. ఖాకీ తొడిగాక పొరపాటున కూడా నవ్వేవాడు కాదు. నవ్వితే మీసం పరువు పోతుందని భయం.

అలాంటివాణ్ణి ఇన్‌స్పెక్టర్ శివశంకర్ పిలిచి కంప్యూటర్ తెర వైపు వేలు చూపించాడు. ఈమధ్యే కొత్త ఏర్పాటు వచ్చింది. ఏ పోలీసు ఏ గల్లీలో తిరుగుతున్నాడో వీధి కెమెరాలే మొహం గుర్తుపట్టి లెక్క కడతాయి.

"ఏంది హనుమాండ్లూ గిది? వారం సంది మల్లాపూర్‌ల ఒక్క ఇంటి ముంగటనే నిలబడ్డవు. ఎవలుంటరు ఆ ఇంట్ల?"

"మా అక్క సార్. గానీ నేను అటు దిక్కే పోలే. నాచారం మార్కెట్ల తిరుగుతున్న."

"మార్కెట్ల తిరిగేటోడు నకిలీ అని మిషిన్ తేల్చేసింది. ఎక్కువసేపు కనపడ్డోడే అసలోడట. వానల సుత కదలవైతివి గదనయ్యా! రేపటికల్లా కారణం చెప్పు. లేకుంటే సస్పెన్షనే."

ఎండనక వాననక కాళ్లరిగేలా తిరిగినవాడు నకిలీ అట! హనుమాండ్లుకి ఒళ్లు మండింది. బండి తీసి నేరుగా మల్లాపూర్ వెళ్లాడు.

అక్క రుక్కమ్మ ఇంటిమీద ఇంకో అంతస్తు లేపుతోంది. ఆ గోడకి తలుపంత ఫ్లెక్సీ వేలాడుతోంది. దాన్నిండా గుడ్లురుముతున్న హనుమాండ్లు మొహమే. కింద గుమ్మడికాయ, నిమ్మకాయలు, పక్కన తెగిన చెప్పు. పైగా అది తన పెళ్లి ఫొటో! ఎంతో అందంగా పడ్డానని మురిసిపోయి బీరువాలో దాచుకున్న ఫొటో. ఎదురుగా స్తంభం మీది కెమెరా దాన్నే చూస్తోంది.

"అక్కా! నన్ను దిష్టిబొమ్మను జేసినవా?"

రుక్కమ్మ గోడకి నీళ్లు కొట్టడం ఆపలేదు. "ముందుగాల బజార్ల దొరికే రాకాసి బొమ్మ పెట్టిన తమ్మీ. పిల్లలు దానితోని సెల్ఫీలు దిగిన్రు. తర్వాత మీ బావ ఫొటో పెట్టిన. దాన్ని సూసి గల్లీలోళ్లంత చాయ్‌కి లోపలికొచ్చిన్రు. నీది పెట్టినంక ఒక్క ఇనుప సలాక సుత దొంగలు ఎత్కపోలే. మేస్త్రి సుత టైముకొస్తుండు."

"దించు."

"గృహప్రవేశం అయ్యేదాంక దిష్టిబొమ్మను ముట్టొద్దురా. నీకు తెల్వదా?"

తెలుసు. అందుకే వెళ్లి బండి మీద కూర్చున్నాడు. నిజం చెబితే ఉద్యోగం నిలుస్తుంది, మీసం పోతుంది. చెప్పకపోతే మీసం నిలుస్తుంది, ఖాకీ పోతుంది. ఖాకీ లేని మీసం ఎవడికి కావాలి? హనుమాండ్లుకి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ చెవిలో గొణిగాడు. శివశంకర్ పెద్దమనిషి, మొహం మీదే నవ్వలేదు. బయటికెళ్లి, గోడ పట్టుకుని మరీ నవ్వాడు. నిమిషంలో ఠాణా మొత్తానికీ తెలిసిపోయింది.

కంప్యూటర్ పని చూసే కావ్య మాత్రం పాపం, నవ్వు ఆపుకుని మిషన్‌కి పాఠం చెప్పింది. ఇలా గుడ్లురిమిన మొహం కనబడితే అది బొమ్మ, మనిషి కాదు, వదిలేయమంది. సస్పెన్షన్ గండం గడిచింది. హనుమాండ్లు ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాడు.

తెల్లారి వచ్చి, మొహం చూసి హాజరు వేసే మిషన్ ముందు ఎప్పటిలా నిలబడ్డాడు.

"ఇది బొమ్మ. దయచేసి మనిషిని చూపించండి," అంది మిషన్.

ఇంకా గట్టిగా ఉరిమాడు. మిషన్ మళ్లీ అదే మాట అంది.

"అన్నా, ఆ చూపు బొమ్మ పేరు మీద రాసేసిన," అంది కావ్య. "నువ్వు జర నవ్వాలె."

కేసులు రాసే రైటర్ కలం పడేసి వచ్చాడు. లాకప్‌లో ఉన్న దొంగ కూడా ఊచల దగ్గరికి వచ్చాడు. హనుమాండ్లు పళ్లు బిగించాడు, కళ్లు మూశాడు. చెమటలు పట్టాయి. చివరికి మీసం ఒక పక్కకి వంకరపోయి, లోపలినుంచి రెండు పళ్లు బయటపడ్డాయి.

"స్వాగతం," అంది మిషన్. లాకప్‌లోంచే ముందు చప్పట్లు వినిపించాయి.

అప్పట్నుంచి గస్తీ బీట్‌లో కెమెరా కనిపిస్తే నవ్వక తప్పేది కాదు. మొదట్లో దవడలు నొప్పి పుట్టేవి. మార్కెట్లో కూరగాయలమ్మే వాళ్లేమో తమని చూసి నవ్వుతున్నాడనుకుని పలకరించడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లుగా తనని చూసి పక్కకి తప్పుకున్నవాళ్లు వాళ్లు. హనుమాండ్లుకి లోపల ఎంతో హాయిగా ఉండేది, కానీ ఎవరికీ చెప్పుకోలేదు.

ఒక సాయంత్రం మల్లాపూర్ గల్లీలో స్తంభం కింద ఆగి, కెమెరాకేసి నిండుగా నవ్వాడు. పైనుంచి రుక్కమ్మ కేకేసింది.

"ఓ తమ్మీ! మా ఇంటి ముంగట గట్ల ఇకిలించకురా! దొంగలు సూస్తే బొమ్మను సుత లెక్కజెయ్యరు!"

హనుమాండ్లు తలెత్తి ఫ్లెక్సీలో ఉరిమి చూస్తున్న పెళ్లికొడుకుని చూశాడు.

"పైన డ్యూటీ జేసేటోడు జేస్తుండు గదక్కా. నన్ను జర నవ్వనియ్యి."