జ్వరమని కొట్టిన కార్డు

"పని చేసేది మిషను గదా, కూసోని ఒత్తేదానికి నీకు అలుపేముండాది?" అనేది అత్త రాజ్యలక్ష్మమ్మ, సుందరలక్ష్మి ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేలోపే. కోడలు ఆ మాటలు వింటూనే కొంగు దోపుకుని పొయ్యి ముందు కూర్చునేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. జబ్బుల లెక్కలు చూసే సర్కారు ఆఫీసులో ఆమె ఉద్యోగం. ఊళ్ల నుంచి వచ్చే చావు చీటీలు చూసి, ఏ జబ్బుకు ఏ అంకె ఉందో ఆ ప్రకారం అట్టకార్డుకు మిషనుతో చిల్లులు కొట్టాలి. ఆ కార్డునే పక్క మిషనులో పెట్టి, తోటి ఉద్యోగి ఏసేపు అదే చీటీ చూసి మళ్లీ కొడతాడు. రెండూ కలవకపోతే మిషను ఆగిపోతుంది. ఇక లెక్క తప్పదని, ఏ తాలూకాలో జనం దేనితో పోతున్నారో తెలిస్తే అక్కడికి డాక్టర్లనూ నర్సమ్మలనూ పంపవచ్చని ఆఫీసరు చెప్పిన రోజు ఆమె మనస్ఫూర్తిగా సంతోషపడింది.

ఆ వేసవిలో ఆడబిడ్డ సుబ్బరత్నమ్మ పురిటికి పుట్టింటికొచ్చింది. బిడ్డ పుట్టాక నెత్తురు ఆగలేదు. పెద్దాసుపత్రి ఎంతో దూరం లేదు. జట్కా పిలవడానికి సుందరలక్ష్మి వాకిట్లోకి పరుగెత్తితే భర్త వెంకటరమణయ్య అడ్డం నిలబడ్డాడు. మగ డాక్టర్లు చెయ్యి పెట్టే చోటికి మా పిల్ల పోదని అత్త లోపలి నుంచే అన్నది. పొద్దు గూకేలోపు ఆ పిల్ల చల్లబడిపోయింది. పురిటి చావంటే ఇంటికి చెడ్డపేరని, చిన్న చెల్లెలికి సంబంధాలు రావని, వెంకటరమణయ్య వెళ్లి చావు చీటీలో జ్వరమని రాయించి వచ్చాడు. నెత్తుటి గుడ్డలు ఉతికింది సుందరలక్ష్మే.

కొన్నాళ్లకు ఆ చీటీ ఆమె బల్ల మీదికే వచ్చింది. సుబ్బరత్నమ్మ, జ్వరము. ఏం జ్వరం? తన చేతుల్లోనే గదా ఆ ఒళ్లు మంచుగడ్డైంది! ఇన్నాళ్లూ తాను జ్వరమని కొట్టిన ఆడవాళ్లలో ఎందరి గుడ్డలు ఏ కోడలు ఉతికిందో, ఎవరికి తెలుసు? ఆలోచిస్తూనే పురుడు అంకె కొట్టేసింది. ఏసేపు మిషను ఆగిపోయింది.

ఆఫీసరు కోప్పడలేదు. "చీటీలో ఏముంటే అదే కొట్టాలమ్మా. చూశావా, తప్పును మిషను ఎట్లా పట్టేసిందో" అని మురిసిపోయి, కొత్త కార్డు చేతికిచ్చాడు. ఆమె జ్వరమని కొట్టింది. ఈసారి మిషను ఆగలేదు.

సంగతి ఎవరో అంగట్లో ఆమె భర్తకు చెప్పారు. చచ్చినదాన్ని బజారుకీడ్చిన దాని చేతి నీళ్లు నేను తాగనని వెంకటరమణయ్య అన్నాడు. చాలా రోజులు తాగలేదు కూడా. వంట మాత్రం ఆమే చేసింది.

ఏడాది చివర పట్టికలు తయారయ్యాయి. ఒక్క తప్పూ లేదని పైవాళ్లు మెచ్చుకున్నారు. పురిటి చావులు ఇంత తక్కువైతే కోసిగి వైపు పల్లెలకు నర్సమ్మలెందుకని ఆ ఉద్యోగాలు ఆపేశారు.

అప్పటికి సుందరలక్ష్మికి నెలలు నిండుతున్నాయి. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. ఆసుపత్రి మాట ఎత్తితే, సుబ్బరత్నమ్మకు పురుడు పోసిన ఆ మంత్రసానికే చెప్పి పెట్టానన్నది అత్త. వెంకటరమణయ్య విస్తరి మీంచి తలెత్తలేదు.

సెలవు మీద వెళ్లే రోజు ఆమె తన మిషను తుడిచి, గుడ్డ కప్పి, ఏసేపు బల్ల దగ్గర నిలబడింది.

"ఏసేపన్నా, నేను పోతే నా చీటీ గూడా ఈడికే వస్తాది. జొరమనే రాసింటారు. నువ్వూ జొరమనే కొట్టు. మిషను ఆగితే నిన్నంటారు."